ఎలుగుకీ మనకీ మధ్య 50 గజాలు

"జేబులో తినేవి ఏమైనా ఉన్నాయా?" అని రేంజర్ అమ్మాయి అడిగింది. నేను తెలుగులో చెప్పేలోపే నాన్న స్వెటర్ జేబులో చెయ్యి పెట్టి చిన్న కాగితం పొట్లం తీశాడు. జీడిపప్పు. ఉద్దానంలో మా తోటలో కాసింది, అమ్మ నేతిలో వేయించి ఉప్పూకారం చల్లింది. శ్రీకాకుళం జిల్లా నుంచి సియాటిల్‌కి, సియాటిల్ నుంచి అలాస్కాకి ఆ పొట్లం నాన్నని వదలకుండా వచ్చింది. ఆ అమ్మాయి దాన్ని జాగ్రత్తగా అందుకుని, తిండి సామాన్లు దాచే గది చూపించి, మా పేరు రాసి అక్కడ పెట్టమంది. వెళ్లేటప్పుడు తీసుకోవచ్చు. అప్పటిదాకా మంచినీళ్లు తప్ప ఏదీ దగ్గర ఉండకూడదు. చూయింగ్ గమ్ కూడా.

"ఏటమ్మా, నాలుగు పలుకులకి ఇంత హడావిడా?" అన్నాడు నాన్న.

అన్నాడే గానీ పొట్లం మాత్రం వెంటనే ఇచ్చేశాడు. ఉద్దానం మనిషికి ఎలుగూ జీడితోటా అంటే ఒకరు చెప్పక్కర్లేదు. వేసవిలో జీడిపళ్లు రాలి పులిసిన వాసన వస్తుంటే కొండ దిగి ఎలుగు వస్తుంది. పనసపండు పగిలితే వస్తుంది. తెల్లారుజామున తోటకి వెళ్లే ముందు మా తాత గట్టిగా దగ్గేవాడట, కర్రతో చెట్టు మొదలు మీద కొట్టేవాడట. అలాంటి నాన్నని, 68 ఏళ్ల వయసులో, ఎలుగుల్ని చూపిస్తానని కట్మాయ్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాను. 2023 జూలై. ఆ పార్కులో యాత్రికులు దిగే చోటు, బ్రూక్స్ క్యాంప్.

తిరిగొచ్చాక సియాటిల్‌లో మనవాళ్లు ఎక్కడ కలిసినా మొదట అడిగింది ఒకటే: "ఎంత దగ్గరికి వెళ్లారు?" ఫొటో చూపిస్తే "జూమ్ చేశావా, నిజంగా అంత దగ్గరా?" జూమ్ చేశాను అంటే ముఖంలో ఉత్సాహం కొంచెం తగ్గేది. వాళ్లని తప్పు పట్టడం లేదు. బయల్దేరకముందు నేనూ అదే ఆలోచించాను. టూర్లు అమ్మేవాళ్లలో ఒకరు ఫోన్‌లో "మాతో వస్తే చాలా దగ్గరగా చూపిస్తాం" అంటే నాకూ ఆశ పుట్టింది. ఆ ఆశ తప్పని ఇప్పుడు నా గట్టి నమ్మకం. అక్కడ మనం డబ్బు పోసి కొనుక్కునేది దగ్గరతనాన్ని అనుకుంటాం. నాకు అర్థమైనంతవరకు మనం కొనుక్కునేది దూరాన్ని. ఆ దూరాన్ని 60, 70 ఏళ్లుగా ఎవరో ఒకరు కాపాడుకుంటూ వచ్చారు కాబట్టే మనకి చూడ్డానికి ఎలుగు మిగిలింది.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి.

కట్మాయ్‌కి రోడ్డు లేదు. ఆంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్ అనే చిన్న ఊరికి విమానం, అక్కడి నుంచి నీళ్ల మీద దిగే చిన్న విమానం. అది నాక్‌నెక్ సరస్సులో దిగి, పడవలా ఒడ్డుకి చేరుతుంది. మనం దిగేది ఇసుక మీద. ఆ ఇసుకలో మొదట కనిపించేవి ఎలుగు అడుగులే. నాన్న తన చెప్పు పక్కన పెట్టి కొలిచి చూసుకున్నాడు.

1912 జూన్‌లో ఇక్కడ నోవరుప్తా అగ్నిపర్వతం బద్దలైంది. 20వ శతాబ్దంలో అంత పెద్ద విస్ఫోటం ఇంకోటి లేదు. ఆ బూడిద లోయని కాపాడ్డానికి 1918లో దీన్ని జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించారు. అప్పట్లో ఎలుగుల మాట పెద్దగా లేదు. వాటి కోసం హద్దులు పెంచింది 1931లో, నేషనల్ పార్కు అయింది 1980లో. ఇప్పుడు పార్కు మొత్తం మీద సుమారు 2,200 బ్రౌన్ బేర్లు ఉంటాయని పార్కువాళ్ల అంచనా. మనుషులు మాత్రం అంతకుముందు నుంచీ, కనీసం 4,500 ఏళ్లుగా, ఈ బ్రూక్స్ నది ఒడ్డున బతికారు. వాళ్లు వచ్చింది కూడా ఎలుగుల్లాగే ఇక్కడి సాల్మన్ చేప కోసమే. నది పొడవు రెండున్నర కిలోమీటర్లు కూడా లేదు. రెండు సరస్సుల మధ్య చిన్న కాలువ లాంటిది. మధ్యలో ఆరడుగుల జలపాతం.

ఆరడుగులంటే నిలువెత్తు మనిషి అంతే. ఫొటోల్లో చూసి నేను ఇంకా పెద్దది అనుకున్నాను. ఆ ఆరడుగుల దగ్గర చేప కాసేపు ఆగాలి. ఎగరాలి, పడాలి, మళ్లీ ఎగరాలి. అక్కడ చేప ఆగుతుంది కాబట్టే ఎలుగు వస్తుంది.

పులస సంగతి తెలిసిన మనకి సాల్మన్ కథ అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రంలోంచి ఎదురీదుతూ వచ్చే చేప. పుస్తెలమ్మైనా పులస తినాలి అంటారే, అది. సాకై సాల్మన్ కూడా అలాగే ఉప్పునీళ్లు వదిలి మంచినీళ్లలోకి ఎక్కుతుంది. తేడా ఏమిటంటే ఇది పుట్టిన ఏటికే వస్తుంది. గులకరాళ్ల మధ్య గుడ్డులోంచి బయటపడి, ఒకటి రెండేళ్లు సరస్సులో పెరిగి, రెండు మూడేళ్లు పసిఫిక్‌లో తిరిగి, చివరికి తన ఏటి వాసన పట్టుకుని వెనక్కి వస్తుంది. మంచినీళ్లలోకి వచ్చాక ఇక తిండి ముట్టదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ఈదుతుంది, ఎగురుతుంది, గుడ్లు పెడుతుంది, చచ్చిపోతుంది. జూలైలో వెండిరంగులో ఉన్న చేప సెప్టెంబర్‌కి ఒళ్లంతా ఎరుపు, తల ఆకుపచ్చ అవుతుంది.

జలపాతం దగ్గర చెక్కలతో ఎత్తుగా కట్టిన ప్లాట్‌ఫామ్ ఉంది. నాన్న చూడగానే "మంచె" అన్నాడు. అంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. ఒకేసారి 40 మందికే చోటు. రద్దీ ఉంటే పేరు రాయించుకోవాలి, కింద ఇంకో మంచె దగ్గర వేచి ఉండాలి, పిలిచాక ఒక గంట మాత్రమే ఉండాలి. మా వంతు రావడానికి గంటన్నర పట్టింది.

ఆ గంటలో నేను లెక్కపెడితే 14 ఎలుగులు. జలపాతం అంచు మీద రెండు, నోరు తెరుచుకుని, చేప తమ నోట్లోకే ఎగురుతుందేమో అని నిలబడి ఉన్నాయి. ఫొటోల్లో అది ఎప్పుడూ జరుగుతుంది. నా కళ్లెదుట ఒక ఎలుగు 20 నిమిషాలు కదలకుండా నిలబడింది. చేపలు దాని చెవి పక్క నుంచి, భుజం మీదుగా పోతూనే ఉన్నాయి. ఒకటి నేరుగా వచ్చి ముక్కుకి కొట్టుకుని కింద పడింది. ఎలుగు తల విదిలించి మళ్లీ అలాగే నిలబడింది. నాన్న ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. చివరికి అది చేపని పట్టినప్పుడు ఆ మంచె మీద ఎవ్వరూ అరవలేదు. అందరం ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు మాత్రం వినిపించింది.

కింద నురుగు సుడి తిరిగే గుంటలో పెద్ద మగ ఎలుగులు కూర్చుంటాయి. మెడ దాకా నీళ్లలో మునిగి, కాళ్లకి తగిలిన చేపని అదిమి పట్టుకుంటాయి. ఆ గుంట అందరిలోకీ పెద్దదానికే. కొన్ని తల నీళ్లలో ముంచి కళ్లు తెరిచి వెతుకుతూ నడుస్తాయి. కుర్ర ఎలుగులు లోతు తక్కువ చోట్ల నీళ్లు చిమ్ముకుంటూ పరుగులు తీసి ఉత్త చేతులతో మిగులుతాయి. వేరేవాళ్లు పట్టిన చేపని లాక్కునేవి ఉన్నాయి, పక్కనే కూర్చుని మూలుగుతూ అడుక్కునేవి ఉన్నాయి. తల్లి నేర్పిందేదో, తనకి కలిసొచ్చిందేదో, ప్రతి ఎలుగుకీ ఒక పద్ధతి, ఒక చోటు.

మా మంచెకి అటుగా ఒక ఆడ ఎలుగు చేపతో ఒడ్డుకి వచ్చింది. ఇది నేను బైనాక్యులర్స్‌లో చూశాను. రాయి మీద చేపని పెట్టి ముందు పంజాతో అదిమింది. ఆ గోళ్లు నా చూపుడువేలంత ఉన్నాయి. అంత పొడుగు గోళ్లతో అంత మెత్తగా పట్టుకోవడం చూస్తే ఆశ్చర్యం. తోక వైపు నుంచి మొదలుపెట్టి ముందుపళ్లతో తోలు లాగింది. అరటిపండు తొక్క వచ్చినట్టు వచ్చింది. అది తింది. తర్వాత పొట్ట. చిన్న బఠాణీల్లాంటి గుడ్లు, ముదురు నారింజరంగువి, రాయి మీదికి జారితే నాలుకతో ఒక్కొక్కటీ ఏరుకుంది. ఆ తర్వాత తల. ఎముక నలిగిన చప్పుడు నీళ్ల హోరులో కూడా వినిపించింది. మిగతా కండంతా అక్కడే వదిలేసి మళ్లీ నదిలోకి వెళ్లిపోయింది. సీగల్స్ వాలిపోయాయి.

"అయ్యో, అంత చేప పారేసిందేటి?" అన్నాడు నాన్న.

పారెయ్యలేదు. చేప పుష్కలంగా ఉన్నప్పుడు ఎలుగు కొవ్వు ఎక్కువున్న భాగాలే తింటుంది: తోలు, మెదడు, గుడ్లు. ఒక సాకై చేపలో సుమారు 4,500 క్యాలరీలు ఉంటాయని చెప్తారు. పెద్ద మగ ఎలుగు మంచి రోజున 30 చేపల దాకా తినగలదు. శీతాకాలమంతా గుహలో ఏమీ తినకుండా పడుకుంటే ఒంటి బరువులో మూడో వంతు దాకా పోతుంది. ఆ మూడో వంతు ఈ నాలుగైదు నెలల్లోనే సంపాదించుకోవాలి. అది వదిలేసిన కండ పిట్టలకి, నక్కలకి, చివరికి చెట్లకి పోతుంది. సముద్రంలో పుట్టిన నత్రజని ఏటి ఒడ్డు స్ప్రూస్ చెట్లలో ఉందని శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. ఇదంతా చెప్తే నాన్న "మన చేపల ఎరువే కదా" అన్నాడు.

ఇక నా వాదనకి వస్తాను. బ్రౌన్ బేర్ సహజంగా ఒంటరి జీవి. అలాంటివి 14 ఒకే చోట, అదీ పదేసి అడుగుల దూరంలో, ఒకదాన్నొకటి భరించుకుంటూ ఎందుకున్నాయి? చేప ఉంది కాబట్టి. మరి మమ్మల్ని, ఆ 40 మందిని, ఎందుకు భరించాయి? చాలామంది "అవి మనుషులకి అలవాటు పడిపోయాయి" అని తేల్చేస్తారు. అలవాటు అనే మాటలో రెండు రకాలున్నాయి. మనిషి అక్కడుంటాడు, ఏమీ చెయ్యడు, ఏమీ ఇవ్వడు అని తెలుసుకోవడం ఒకటి. మనిషి అంటే తిండి అని తెలుసుకోవడం ఇంకొకటి. మొదటి అలవాటుతో ఎలుగు మనల్ని చెట్టులా చూసి తన పని తాను చేసుకుంటుంది. రెండో అలవాటు పడిన ఎలుగు చివరికి తుపాకీకే బలైపోతుంది. ఈ రెంటికీ మధ్య అడ్డుగోడ ఏమిటంటే, నాన్న జేబులోంచి తీసి ఇచ్చిన ఆ జీడిపప్పు పొట్లమే.

ఇది నేను ఊరికే అనడం లేదు. ఇదే దేశంలో ఎల్లోస్టోన్ పార్కులో రెండో దారి తొక్కి చూశారు. హోటళ్ల చెత్త పోసే చోట ఎలుగులు గుమిగూడితే, 1930ల్లో ఆటర్ క్రీక్ దగ్గర జనం కూర్చుని చూడ్డానికి మెట్ల వరుసలు కట్టారు. సినిమా హాల్లో లాగా కూర్చుని, గ్రిజ్లీలు చెత్త తింటుంటే చూసేవాళ్లు. గ్రిజ్లీ అంటే ఈ బ్రౌన్ బేరే, లోతట్టు ప్రాంతంలో ఉండేది. దగ్గరతనం కోరుకునేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? 1970 ప్రాంతంలో ఆ చెత్తకుప్పలు మూసేశాక, మనిషి తిండికి మరిగిన ఎలుగులు క్యాంపుల మీద పడ్డాయి, పదుల సంఖ్యలో చంపాల్సి వచ్చింది. 1975కల్లా అలాస్కా మినహా మిగతా రాష్ట్రాల్లో గ్రిజ్లీని ముప్పులో ఉన్న జంతువుల జాబితాలో చేర్చారు. అక్కడ కూర్చుని చూసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులే. ఎలుగులంటే ఇష్టం ఉన్నవాళ్లే.

ఇష్టం సరిపోదని చెప్పడానికి కట్మాయ్‌లోనే ఇంకో ఉదాహరణ ఉంది. టిమొతీ ట్రెడ్‌వెల్ అనే ఆయన 13 వేసవులు ఇక్కడి ఎలుగుల మధ్య గుడారం వేసుకుని బతికాడు. ఎలుగుల మీద ఆయన ప్రేమని నేను శంకించను. 2003 అక్టోబర్‌లో కాఫ్లియా బే దగ్గర ఆయననీ, ఆయనతో ఉన్న ఎమీ హ్యుగెనార్డ్ అనే ఆమెనీ ఎలుగు చంపేసింది. వాళ్ల కోసం వెళ్లినవాళ్లు అక్కడ రెండు ఎలుగుల్ని కాల్చి చంపాల్సి వచ్చింది. నాలుగు ప్రాణాలు. మనిషి హద్దు దాటితే శిక్ష మనిషితో ఆగదు.

అందుకే బ్రూక్స్ క్యాంప్‌లో దిగగానే ఎవరైనా సరే, మంత్రిగారైనా మామూలు మనిషైనా, ముందు ఒక గదిలో కూర్చుని పాఠం వినాలి. దాన్ని అందరూ బేర్ స్కూల్ అంటారు. ఎలుగుకి 50 గజాల దూరంలో ఉండాలి. అదే మన వైపు నడిచొస్తే మనమే పక్కకి తప్పుకోవాలి. పరిగెత్తకూడదు. దారిలో మాట్లాడుతూ, చప్పట్లు కొడుతూ నడవాలి, ఎదురుపడి ఉలిక్కిపడకుండా. పాఠం అయ్యాక చొక్కాకి పెట్టుకునే చిన్న బిళ్ల ఇస్తారు. నాన్న ఇప్పటికీ ఆ బిళ్లని కళ్లజోడు పెట్టెలో దాచుకున్నాడు. చప్పుడు చేస్తూ నడవాలి అన్నప్పుడు మాత్రం నా వైపు తిరిగి, "మీ ముత్తాత కాలం నుంచీ మనం చేసేదే ఇది" అన్నాడు. ముందు "కర్రయినా ఇవ్వరేటి?" అని అడిగిన మనిషి ఆ మాట దగ్గర నెమ్మదించాడు. ఈ పరాయి చోట తనకి తెలిసిన సంగతి ఒకటి దొరికింది కదా.

2018 ఆగస్టులో ముగ్గురు మంచె దిగి నదిలోకి వెళ్లి, ఎలుగులు వెనకాల కనిపించేలా ఫోన్లతో ఫొటోలు తీసుకున్నారు. ప్రత్యక్ష ప్రసారం చేసే కెమెరాలో అది ప్రపంచమంతా చూసింది. తర్వాత వాళ్లకి జైలు శిక్ష కూడా పడింది. ఎలుగులు వాళ్లని ఏమీ అనలేదు కదా, ఎందుకంత కఠినం అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. ఏమీ అనకపోవడం ఆ ఎలుగుల మంచితనం. ఒకవేళ వాటిలో ఒకటి తిరగబడి ఉంటే మరుసటి రోజు చచ్చిపోయేది ఎలుగే. పంజా విసిరిందో లేదో చూసి తప్పుని లెక్కగడితే ఎలా? నదిలో కాలు పెట్టినప్పుడే తప్పు జరిగిపోయింది.

నా మాటకి రెండు అభ్యంతరాలు చెప్తారు, రెండూ న్యాయమైనవే. ఒకటి, ఇది డబ్బున్నవాళ్ల వినోదం కదా అని. అవును, మా ఇద్దరికీ అయిన ఖర్చు గుర్తొస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. రెండు, అంత ప్రేమ ఉంటే అసలు వెళ్లకుండా ఉండొచ్చు కదా అని. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను వెళ్లాను. మళ్లీ అవకాశం వస్తే వెళ్తాను. అయితే వెళ్లేవాళ్ల సంఖ్యకి హద్దు ఉండాలని మాత్రం గట్టిగా అంటాను. అదే అలాస్కాలో మెక్‌నీల్ రివర్ అనే అభయారణ్యం ఉంది. 1973 నుంచి అక్కడ లాటరీ. పేరు వచ్చినవాళ్లు మాత్రమే, రోజుకి 10 మంది, గైడు వెంట నడిచి వెళ్లి చూడాలి. ఒకేసారి 70కి పైగా ఎలుగులు కనిపించిన రోజులున్నాయి. ఇన్నేళ్లలో అక్కడ ఎలుగు చేతిలో ఒక్క మనిషికీ గాయం కాలేదు. బ్రూక్స్‌లో రాత్రి ఉండే క్యాంపుకి 60 మంది అని పరిమితి ఉంది. పొద్దున వచ్చి సాయంత్రం పోయే మాలాంటివాళ్లకి నేను వెళ్లినప్పుడు అలాంటిదేమీ లేదు. ఆ రోజు ఇసుక మీద వరసగా విమానాలు ఆగి ఉండడం చూస్తే, సంక్రాంతి ముందు ఆర్టీసీ కాంప్లెక్స్ గుర్తొచ్చింది. దానికీ లాటరీ పెట్టాలి. పెడితే నా పేరు ఎప్పటికీ రాకపోవచ్చు. అయినా పెట్టాలి.

రాని వాళ్ల సంగతేమిటి? వాళ్లకి కెమెరాలున్నాయి. 2012 నుంచి ఆ జలపాతాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తున్నారు. పైసా ఖర్చు లేదు, నదికి ఒక్క అడుగు భారం లేదు. శరదృతువులో ఎవరు ఎక్కువ బలిసారో జనం ఓట్లేసే ఫ్యాట్ బేర్ వీక్ అక్కడి నుంచి పుట్టిందే. 2014లో ఒక్కరోజు సరదాగా మొదలైంది. ఓటిస్ అనే ముసలి ఎలుగు నాలుగుసార్లు గెలిచింది. ఆ పళ్లు అరిగిపోయిన ఓటిస్ ఓపికగా ఒకే చోట కూర్చుని చేప పట్టే తీరు చూసి నాన్న దాన్ని "మాస్టారు" అని పిలిచేవాడు.

ఊరికి వెళ్లాక కూడా నాన్న ఫోన్‌లో ఆ కెమెరా చూస్తూనే ఉన్నాడు. అక్కడి పగలు మా ఊళ్లో రాత్రి. అమ్మ విసుక్కునేది. 2024 జూలైలో ఒక తెల్లవారుజామున ఫోన్ చేశాడు. గొంతు బాగాలేదు. గ్రేజర్ అనే తల్లి ఎలుగు పిల్లలు జలపాతం మీంచి కొట్టుకుపోయి కింద పెద్ద మగ ఎలుగు ముందు పడ్డాయి. చంక్ అని పిలుస్తారు దాన్ని. తల్లి దూకి దాని మీద కలబడింది. గాయపడిన పిల్ల తర్వాత చచ్చిపోయింది. "అంతమంది ఉన్నారు కదమ్మా, ఎవరూ ఏమీ చెయ్యలేదేటి?" అన్నాడు. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఎవరూ ఏమీ చెయ్యకూడదు అన్నదే ఆ చోటి ధర్మం అని నాకు తెలుసు. తెలిసినా, నాన్నతో ఆ మాట అనడం కష్టమైంది. ఆ అక్టోబర్‌లో ఓట్ల పోటీలో గ్రేజర్ చంక్ మీదే గెలిచింది. జనం ఆ పిల్లని మర్చిపోలేదని నాన్నకి కొంత ఊరట.

దూరం గురించి ఇంత మాట్లాడి, మా ఊరి సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టే. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు ఒకరిని చంపి, మరికొందరిని గాయపరిచింది. మత్తుసూది వేసి పట్టుకున్నారు. అదీ బతకలేదు. మా ఎలుగు వేరే జాతి. చెదలు, పళ్లు తిని బతికేది, ఉలిక్కిపడితే పారిపోకుండా మీద పడేది. బ్రూక్స్‌లో మనుషులు సాయంత్రానికి విమానం ఎక్కి పోతారు. ఉద్దానంలో మనుషులు పోవడానికి చోటు లేదు. తోటా ఇల్లూ ఎలుగు దారీ అన్నీ ఒక్కచోటే. అలాస్కా నియమాలు అక్కడ అంటించి "50 గజాల దూరంలో ఉండండి" అని రైతుకి చెప్పడం అన్యాయం. ఆ 50 గజాల ఖర్చు ఎవరో భరించాలి. బ్రూక్స్‌లో మాలాంటి యాత్రికులు భరిస్తున్నారు. ఉద్దానంలో రాలిన పండు ఏరకుండా వదిలేసి, చీకటితో తోటకి పోవడం మానేసి, నష్టం ఓర్చుకుని రైతే భరిస్తున్నాడు. కొండల మీద ఎలుగుకి నీళ్లూ పళ్లూ ఉంటే అది కిందికి ఎందుకొస్తుంది అని నాన్న ఎప్పుడూ అంటాడు. మంచె మీద నిలబడి కూడా అదే అన్నాడు: "దీనికి కడుపునిండా ఉందమ్మా. అందుకే కోపం లేదు."

ఆ ఒక్క వాక్యంలో అసలు సంగతంతా ఉందని నాకనిపిస్తుంది. బ్రూక్స్‌లో కనిపించే ప్రశాంతత అంతా చేప పెట్టిన భిక్ష. ఆ చేప బ్రిస్టల్ బే అనే సముద్రపు ఖాతం నుంచి నాక్‌నెక్ నది మీదుగా వస్తుంది. 2022లో బ్రిస్టల్ బేకి సుమారు 7.9 కోట్ల సాకై వచ్చాయి, అది రికార్డు. అదేదో దేవుడి దయ మాత్రమే కాదు. నదుల ఒడ్డున మంచెలు కట్టి, మనుషులు వాటి మీద కూర్చుని గంటకి 10 నిమిషాల చొప్పున పైకి వెళ్లే చేపల్ని కళ్లతో లెక్కపెడతారు. చాలినన్ని పైకి వెళ్తున్నాయో లేదో చూసుకునే పడవలకి వలలు వెయ్యడానికి అనుమతి ఇస్తారు. ఆ ప్రాంతంలోనే నుషగాక్, క్విచాక్ నదుల మొదళ్లలో పెబుల్ అనే పెద్ద రాగి, బంగారు గని తవ్వాలని ఏళ్ల తరబడి ప్రయత్నం. ఆ గని వ్యర్థాలు అక్కడి నీళ్లలో పొయ్యడానికి వీల్లేదని 2023 జనవరిలో అమెరికా పర్యావరణ సంస్థ నిర్ణయం తీసుకుంది. మేం వెళ్లింది దానికి ఆరు నెలల తర్వాత. బ్రూక్స్ నది వాటి దిగువన లేదు. ఐనా ఒక నది పాడైతే పక్క నది క్షేమంగా ఉంటుందని నమ్మేంత ధైర్యం నాకు లేదు.

మన పులస గోదావరిలో ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. 1852లో కాటన్ దొర కట్టిన ఆనకట్ట డెల్టాకి అన్నం పెట్టింది, దాన్ని నేను తప్పు పట్టలేను. నేను తినే అన్నం కూడా అదే. కానీ మంచె మీద నిలబడి, ఆరడుగుల నీటిగోడని ఎగరడానికి ఏడోసారీ ఎనిమిదోసారీ ప్రయత్నిస్తున్న చేపని చూస్తున్నప్పుడు, ఎన్నిసార్లు ఎగిరినా దాటలేని గోడ ముందు నిలబడిన ఇంకో చేప గుర్తురాకుండా ఉండదు. సాల్మన్ ఎక్కడానికి సులువుగా ఉంటుందని 1950 ప్రాంతంలో బ్రూక్స్ జలపాతం పక్కనే సిమెంటు మెట్లు కట్టారు. తర్వాత వాటిని మూసేశారు. ఇప్పుడు చేప మెట్లు లేకుండానే ఎగురుతోంది.

మా గంట అయిపోయింది. ఎవరూ మమ్మల్ని తొయ్యలేదు, రేంజర్ మెల్లగా పేరు పిలిచింది. నాన్న ఒక్కసారి వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. నదికో, ఎలుగులకో నేను అడగలేదు.

ఒడ్డుకి వచ్చేసరికి మా విమానానికి కొద్ది దూరంలో ఒక తల్లి ఎలుగు రెండు పిల్లల్ని వేసుకుని ఇసుక మీద పడుకుని ఉంది. పిల్లలు తల్లి వీపు మీద గడ్డాలు ఆనించి నిద్రపోతున్నాయి. పైలట్ కూడా మాతోపాటే ఆగిపోయాడు. కింగ్ సాల్మన్‌లో ఆంకరేజ్ విమానం తప్పిపోతే రాత్రికి గది దొరకడం కష్టం. నాకు టెన్షన్ మొదలైంది. అరగంట. ముప్పావుగంట. గుంపులో ఎవరూ చప్పట్లు కొట్టి లేపుదాం అనలేదు. నాన్న ఒక దుంగ మీద కూర్చున్నాడు. "పడుకోనీ అమ్మా, బిడ్డలతో ఉంది" అన్నాడు.

53 నిమిషాల తర్వాత అది లేచి, ఒళ్లు దులుపుకుని, మా వైపు చూడకుండానే చెట్లలోకి నడిచింది. రెండో పిల్ల కొంచెం వెనకబడి పరిగెత్తింది. రేంజర్ చెయ్యి ఊపాక కదిలాం. ఆ లోపల ఎవరో వెళ్లి గదిలోంచి నాన్న పొట్లం తెచ్చి ఇచ్చారు. అది చేతిలో పట్టుకునే విమానం ఎక్కాడు. నీళ్లు వదిలి పైకి లేచి, కింద నది సన్నటి తాడులా కనిపించేదాకా విప్పలేదు. అప్పుడు విప్పి, ముందు పైలట్‌కి నాలుగు పలుకులు ఇచ్చాడు.